అమెరికా ఫార్మసీలో జ్వరం టెస్టు: ఎవరు చేయొచ్చు, ఏవి చేయరు, పాజిటివ్ వస్తే మందు ఇస్తారా?

గొంతు నొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం. డాక్టర్ అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాత గానీ దొరకదంటున్నారు. ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు ఎంతవుతుందో తెలియదు. ఇంటి పక్క ఫార్మసీలో మాత్రం 'ఫ్లూ, స్ట్రెప్, కొవిడ్ టెస్టులు ఇక్కడే' అని బోర్డు కనిపిస్తోంది.

అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థులకు, ఉద్యోగం చేస్తున్న కుటుంబాలకు, పిల్లల్ని చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇది తెలిసిన పరిస్థితే. మరి ఆ ఫార్మసీలో టెస్టు చేయించుకోవచ్చా? చేయించుకుంటే మందు కూడా అక్కడే దొరుకుతుందా?

ఒక్క మాటలో చెప్పాలంటే టెస్టు వేరు, వైద్యం వేరు. టెస్టు చేయడానికి అనుమతి ఉన్న ఫార్మసిస్టుకు మందు రాసే అనుమతి కూడా ఉండాలని లేదు. ఈ తేడా తెలియక వెళ్తే డబ్బుతో పాటు విలువైన సమయమూ పోతుంది.

మన మెడికల్ షాపులాంటిది కాదా?

కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మెడికల్ షాపుకు ఉండే లైసెన్సు మందుల అమ్మకం కోసం. ల్యాబ్ నడపాలంటే వేరే రిజిస్ట్రేషన్ కావాలి. అందుకే మన దగ్గర షాపులో టెస్టు కిట్ కొనుక్కోగలం గానీ, కౌంటర్ వెనకున్న ఫార్మసిస్టు రక్తం తీసి రిపోర్టు ఇవ్వడం మామూలు విషయం కాదు.

అమెరికాలో అలా కాదు. కొన్ని షరతులతో ఫార్మసీనే ఒక చిన్న ల్యాబ్‌గా గుర్తిస్తారు. అందుకు మూడు అనుమతులు ఉండాలి. ఒకటి కిట్‌కు, రెండోది షాపుకు, మూడోది టెస్టు చేసే మనిషికి. మొదటి రెండూ కేంద్ర ప్రభుత్వ నిబంధనలు. మూడోది చాలావరకు రాష్ట్రం చేతిలో ఉంటుంది.

మొదటి అనుమతి: కిట్‌కు

అమెరికాలో ల్యాబ్ టెస్టులన్నీ 1988లో వచ్చిన 'క్లియా' చట్టం పరిధిలోకి వస్తాయి. టెస్టు ఎంత క్లిష్టమైనదో చూసి ఎఫ్‌డీఏ మూడు రకాలుగా విడదీస్తుంది. తేలికైనవి, మధ్యస్థమైనవి, బాగా క్లిష్టమైనవి. తేలికైన వాటిని 'వేవ్‌డ్' టెస్టులు అంటారు. అంటే పెద్ద ల్యాబ్‌కు ఉండే చాలా నిబంధనల నుంచి మినహాయింపు పొందినవి. చేయడం సులువుగా ఉండాలి, ఫలితం తప్పుగా వచ్చే అవకాశం చాలా తక్కువగా ఉండాలి. అలాంటి వాటికే ఈ మినహాయింపు.

ఫార్మసీల్లో సాధారణంగా చేసేవి ఈ వేవ్‌డ్ టెస్టులే. స్ట్రెప్ గొంతు నొప్పి, ఫ్లూ, కొవిడ్, ఆర్‌ఎస్‌వీలకు ర్యాపిడ్ టెస్టులు ఇందులో ఉన్నాయి. వేలి చివర రక్తపు చుక్కతో చేసే కొన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, సిఫిలిస్ టెస్టులూ ఉన్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మినహాయింపు జబ్బు పేరుకు కాదు, ఫలానా కిట్‌కు, ఫలానా శాంపిల్‌కు మాత్రమే. అదే హెచ్‌ఐవీ కిట్‌ను వేలి రక్తంతో వాడితే వేవ్‌డ్ అవుతుంది. నరంలోంచి తీసిన రక్తాన్ని వేరుచేసి ప్లాస్మాతో వాడితే ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు.

రెండో అనుమతి: షాపుకు

వేవ్‌డ్ టెస్టు అయినా సరే, దాన్ని చేసి ఫలితం చెప్పే ఫార్మసీకి 'క్లియా సర్టిఫికెట్ ఆఫ్ వేవర్' ఉండాలి. దీన్ని మెడికేర్, మెడికెయిడ్ పథకాలను చూసే కేంద్ర సంస్థ సీఎంఎస్ తరఫున ఇస్తారు. రెండేళ్లకోసారి ఫీజు కట్టి కొనసాగించుకోవాలి. ఒకే చెయిన్‌కు చెందిన రెండు బ్రాంచిలు ఉంటే సాధారణంగా దేనికది విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒక బ్రాంచిలో టెస్టు చేశారని పక్క వీధిలోని బ్రాంచిలోనూ చేస్తారనుకోవద్దు.

ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు పాటించాల్సిన ప్రధాన నియమం ఒకటే. కిట్ తయారీదారు రాసిన సూచనలను ఉన్నదున్నట్టు పాటించాలి. ఏ ఉష్ణోగ్రతలో పెట్టాలి, ఎన్ని చుక్కలు వేయాలి, ఎన్ని నిమిషాలకు గీత చూడాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. 15 నిమిషాలకు చూడమంటే 15 నిమిషాలకే చూడాలి. అరగంట తర్వాత కనిపించిన గీతను ఫలితంగా తీసుకోకూడదు.

ఈ తరహా చిన్న ల్యాబ్‌లకు క్రమం తప్పని తనిఖీలు ఉండవు. ఫిర్యాదు వస్తే మాత్రం అధికారులు వచ్చి చూడొచ్చు. కాబట్టి కౌంటర్ దగ్గర మీరు కళ్లు తెరిచి చూసుకోవడం అవసరం.

ఇంకో రెండు సందర్భాల్లో ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. మీరు కిట్ కొనుక్కుని ఇంట్లో మీ అంతట మీరే చేసుకుంటే క్లియా వర్తించదు. అలాగే ఫార్మసీ శాంపిల్ మాత్రమే తీసి బయటి ల్యాబ్‌కు పంపిస్తే అది ల్యాబ్ కిందకు రాదు. ఆ రెండో పద్ధతిలో ఫలితం అప్పటికప్పుడు రాదు. వెళ్లేముందే ఇది కనుక్కోండి.

మూడో అనుమతి: మనిషికి

వేవ్‌డ్ టెస్టు చేసేవారికి ఫలానా చదువు ఉండాలని క్లియా చెప్పదు. ఫార్మసిస్టు ఏ టెస్టు చేయొచ్చు, అసిస్టెంట్‌తో చేయించొచ్చా, ఎంత వయసు వాళ్లకు చేయొచ్చు అన్నవి రాష్ట్ర చట్టాలు, రాష్ట్ర ఫార్మసీ బోర్డులు తేలుస్తాయి.

కొవిడ్ టెస్టుల దగ్గర మాత్రం కేంద్రం కల్పించుకుంది. 2020 ఏప్రిల్ 8న అమెరికా ఆరోగ్య శాఖ, లైసెన్సు ఉన్న ఫార్మసిస్టులు కొవిడ్ టెస్టులు రాయొచ్చు, చేయొచ్చు అని చెప్పింది. 2005 నాటి 'ప్రెప్' చట్టం కింద వాళ్లకు న్యాయపరమైన రక్షణ కూడా ఇచ్చింది. ఆ ఏర్పాటును తర్వాత 2029 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. ఫార్మసీలో టెస్టు అనేది అమెరికాలో ఇంటింటికీ తెలిసింది అప్పటి నుంచే.

మిగతా జబ్బులకు రాష్ట్రమే ఆధారం. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ఫార్మసిస్టులు చేయదగిన వేవ్‌డ్ టెస్టుల జాబితాను విస్తరించింది. శ్వాస సంబంధ జబ్బులు, స్ట్రెప్ గొంతు నొప్పి, లైంగికంగా సంక్రమించే వ్యాధులు అందులో ఉన్నాయి.

పాజిటివ్ వస్తే మందు అక్కడే ఇస్తారా?

చాలామంది పొరబడేది ఇక్కడే. టెస్టు చేసి మందు కూడా ఇవ్వడాన్ని అక్కడ 'టెస్ట్ అండ్ ట్రీట్' అంటారు. ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.

ఫ్లోరిడాలో 2020లో వచ్చిన చట్టం ప్రకారం ఫ్లూ, స్ట్రెప్ లాంటి కొన్ని జబ్బులకు ఫార్మసిస్టు టెస్టు చేసి మందు ఇవ్వొచ్చు. కానీ అతను 20 గంటల ప్రత్యేక శిక్షణ పూర్తిచేసి ఉండాలి. ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందమూ ఉండాలి. కాన్సస్‌లో 2022 చట్టం ఫ్లూ, స్ట్రెప్, మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు రాష్ట్రమంతటికీ ఒకే విధానం ఉండేలా దారి వేసింది. ఐడహోలో ఫార్మసిస్టుకు స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. వేవ్‌డ్ టెస్టు ఆధారంగా కొన్ని మందులను డాక్టర్‌తో ఒప్పందం లేకుండానే రాయొచ్చు.

ఇలాంటి చట్టం లేని రాష్ట్రంలో ఫార్మసిస్టు పాజిటివ్ అని చెప్పి డాక్టర్ దగ్గరకు పంపిస్తాడు. ప్రిస్క్రిప్షన్ వచ్చాకే మందు. అది అతని మొండితనం కాదు, అక్కడి చట్టం అంత.

ఇందులో సమయం విలువ తెలుసుకోండి. ఫ్లూ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. కొవిడ్‌కు వాడే పాక్స్‌లోవిడ్ 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. టెస్టు మాత్రమే చేసే ఫార్మసీకి శుక్రవారం సాయంత్రం వెళ్లి, డాక్టర్ కోసం సోమవారం దాకా ఆగితే ఫ్లూ మందుకు ఉన్న గడువు దాటిపోతుంది. పాజిటివ్ రాగానే టెలిహెల్త్‌లోనో, అర్జెంట్ కేర్‌లోనో డాక్టర్‌ను సంప్రదించండి.

పాక్స్‌లోవిడ్‌ను ఫార్మసిస్టులు రాయడానికి 2022 జులై 6న ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు షరతులు పెట్టింది. కిడ్నీ, లివర్ పనితీరు తెలిపే వివరాలు చూడాలి. అవి 12 నెలల్లోపువి అయి ఉండాలి. రోగి వాడుతున్న మందులన్నీ తెలుసుకోవాలి. ఇవేవీ లేకపోతే డాక్టర్ దగ్గరకు పంపాలి. కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని స్టాటిన్లు, రక్తం పలచబడే కొన్ని మందులు పాక్స్‌లోవిడ్‌తో పడవు.

బీపీ, షుగర్ మాత్రలు ఇండియా నుంచి తెచ్చుకున్న పెద్దవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మన బ్రాండ్ పేర్లు అక్కడి ఫార్మసిస్టుకు తెలియవు. స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. డోలో వేసుకుని పైన టైలెనాల్ కూడా వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు వేసుకున్నట్టు.

నెగెటివ్ వస్తే ఇక భయం లేదా?

అలా అనుకోలేం. ఫ్లూ ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులు ఫ్లూ ఉన్నవారిలో సుమారు 50 నుంచి 70 శాతం మందినే పట్టుకుంటాయని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. అంటే టెస్టు నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. మాలిక్యులర్ టెస్టులు ఇంతకంటే నమ్మకమైనవి. వాటిలోనూ కొన్ని వేవ్‌డ్ జాబితాలో ఉన్నాయి. ఏ రకం చేస్తున్నారో అడగండి.

పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మూడేళ్లు దాటిన పిల్లలకు స్ట్రెప్ లక్షణాలు ఉండి ర్యాపిడ్ టెస్టు నెగెటివ్ వస్తే, గొంతులోంచి తీసిన శాంపిల్‌తో కల్చర్ టెస్టు కూడా చేయాలని సీడీసీ సూచిస్తుంది. స్ట్రెప్‌కు సరైన వైద్యం అందకపోతే కొందరు పిల్లల్లో రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది. కల్చర్ వేవ్‌డ్ టెస్టు కాదు, ల్యాబ్‌కు పంపాలి.

ఎలాగూ ఉన్నాయి కదా అని ఇండియా నుంచి తెచ్చిన యాంటీబయాటిక్స్ మొదలుపెట్టొద్దు. ఫ్లూ, కొవిడ్ వైరస్‌లు. వాటి మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు.

ఇండియా నుంచి వచ్చిన కొద్ది రోజులకే జ్వరమా? ఫార్మసీ చాలదు

అమెరికాకు వచ్చిన కొద్ది రోజులకో, వారాలకో జ్వరం వస్తే అది ఫ్లూ కాకపోవచ్చు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ కూడా అయి ఉండొచ్చు. వీటికి చేసే టెస్టులు వేవ్‌డ్ జాబితాలోవి కావు. మలేరియాకు ర్యాపిడ్ కిట్ ఉన్నా, అక్కడ దాన్ని ల్యాబ్‌లోనే వాడాలి. టైఫాయిడ్ తేలాలంటే బ్లడ్ కల్చర్ కావాలి.

కాబట్టి ఫార్మసీలో ఫ్లూ, కొవిడ్ రెండూ నెగెటివ్ వచ్చాయని ఇంట్లో పడుకోవడం ప్రమాదం. కొన్ని రకాల మలేరియా గంటల్లోనే ముదిరిపోతుంది. నేరుగా డాక్టర్ దగ్గరకు వెళ్లి, ఏ ఊరి నుంచి, ఏ తేదీన వచ్చారో ముందుగా చెప్పండి. దోమల జ్వరాలు అక్కడ అరుదు కాబట్టి, మీరు చెప్పకపోతే డాక్టర్‌కు ఆ అనుమానం రాకపోవచ్చు.

హెచ్‌ఐవీ టెస్టు చేయించుకుంటే వివరాలు ఎవరికి వెళ్తాయి?

చాలామంది విద్యార్థులు పైకి అడగలేని ప్రశ్న ఇది. ర్యాపిడ్ టెస్టులో గీత కనిపిస్తే అది ప్రాథమిక ఫలితం మాత్రమే. ల్యాబ్‌లో మరో టెస్టు చేసి నిర్ధారించాలి. ఆ దారి చూపకుండా ఫలితం చెప్పి పంపేసే చోట టెస్టు చేయించుకోవద్దు.

హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ సి లాంటి వ్యాధులు నిర్ధారణ అయితే ఆ సమాచారం రాష్ట్ర ఆరోగ్య విభాగానికి చేరుతుంది. వ్యాధుల వ్యాప్తిని గమనించడానికి, చికిత్స అందేలా చూడటానికి ఈ ఏర్పాటు. మీ ఆరోగ్య వివరాలను ఫార్మసీ మీ అనుమతి లేకుండా మీ కాలేజీకో, కంపెనీకో చెప్పకూడదు. 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన గోప్యత నిబంధనలు దీన్ని అడ్డుకుంటాయి.

వీసా పోతుందన్న భయం కూడా వినిపిస్తుంటుంది. ఒకప్పుడు హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రవేశంపై అమెరికాలో ఆంక్షలు ఉండేవి. 2010 జనవరి 4 నుంచి వాటిని తీసేశారు. ఆ పాత భయంతో టెస్టు వాయిదా వేసుకోవద్దు.

ఒక విషయం మాత్రం చూసుకోండి. మీ పేరు తల్లిదండ్రుల ఇన్సూరెన్సులోనో, భాగస్వామి ఇన్సూరెన్సులోనో ఉంటే, టెస్టు వివరాలతో కూడిన కాగితం ఇంటికి రావొచ్చు. గోప్యత కావాలంటే సొంత డబ్బుతో చేయించుకోవడం గానీ, ఆరోగ్య విభాగం క్లినిక్‌కు వెళ్లడం గానీ మేలు. ఇంట్లో చేసుకునే హెచ్‌ఐవీ కిట్‌కు ఎఫ్‌డీఏ 2012లోనే అనుమతి ఇచ్చింది.

ఖర్చు ఎవరు భరిస్తారు?

కొవిడ్ ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఆ టెస్టులకు ఇన్సూరెన్స్ కంపెనీలు మొత్తం డబ్బు ఇవ్వాల్సి వచ్చేది. 2023 మే 11న ఎమర్జెన్సీ ముగియడంతో ఆ నిబంధన పోయింది. ఇప్పుడు మీ పాలసీని బట్టి ఉంటుంది.

ఫార్మసీ బిల్లులో రెండు భాగాలు ఉండొచ్చు. టెస్టు ఖర్చు ఒకటి, ఫార్మసిస్టు చూసినందుకు ఫీజు ఇంకొకటి. 65 ఏళ్లు దాటి మెడికేర్ ఉన్నవాళ్లు గమనించాల్సింది ఏంటంటే, పార్ట్ బి కింద వైద్య సేవలు అందించేవారి జాబితాలో ఫార్మసిస్టులు లేరు. అందువల్ల రెండో ఫీజు మీ జేబులోంచి పోవచ్చు. విజిటర్ ఇన్సూరెన్స్ మీద వెళ్లిన తల్లిదండ్రులు కంపెనీకి ముందే ఫోన్ చేసి అడగడం, రసీదు దాచుకోవడం మంచిది.

ఇంగ్లిష్ రాకపోతే?

మెడికేర్, మెడికెయిడ్ లాంటి కేంద్ర నిధులు తీసుకునే ఫార్మసీలు ఇంగ్లిష్ సరిగా రానివారికి ఉచితంగా భాషా సహాయం అందించడానికి తగిన చర్యలు తీసుకోవాలి. సాధారణంగా ఫోన్‌లో దుబాసీని కలుపుతారు. 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి' అని అడగండి. పిల్లలతో అనువాదం చేయించడం కన్నా ఇదే నయం. ముఖ్యంగా అమ్మానాన్నలు కొడుకు ముందో, కోడలి ముందో చెప్పలేని విషయాలు ఉన్నప్పుడు.

కౌంటర్ దగ్గర ఏం గమనించాలి?

టెస్టు చేసేవారు కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. వేలికి గుచ్చే సూది మీ ముందే సీల్ తీయాలి, వాడాక ప్రత్యేక డబ్బాలో పారేయాలి. కిట్ మీద గడువు తేదీ చూడండి. మీ వివరాలు పక్కవాళ్లకు వినిపించని చోట మాట్లాడమని అడగొచ్చు. ఫలితాన్ని నోటిమాటగా కాకుండా టెస్టు పేరు, తేదీతో రాసిమ్మనండి. తర్వాత డాక్టర్‌కు చూపించాల్సింది అదే.

ఆ ఫార్మసీకి సర్టిఫికెట్ ఉందో లేదో సీఎంఎస్ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. క్లియా నంబర్‌లో మొత్తం 10 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మూడో స్థానంలో ఇంగ్లిష్ 'డి' ఉంటుంది. టెస్టు చేసిన తీరుపై అనుమానం ఉంటే రాష్ట్రంలో క్లియాను చూసే విభాగానికి, ఫార్మసిస్టు ప్రవర్తన మీదైతే రాష్ట్ర ఫార్మసీ బోర్డుకు ఫిర్యాదు చేయొచ్చు.

వెళ్లేముందు ఫోన్‌లో అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. ఈ బ్రాంచిలో ఈ టెస్టు చేస్తారా? ఫలితం ఇక్కడే వస్తుందా, ల్యాబ్‌కు పంపుతారా?
2. టెస్టు చేసే ఫార్మసిస్టు ఈ రోజు ఉన్నారా? అపాయింట్‌మెంట్ కావాలా?
3. మా బాబు వయసు ఇంత, ఈ వయసు పిల్లలకు చేస్తారా?
4. పాజిటివ్ వస్తే మందు మీరే రాస్తారా, డాక్టర్ దగ్గరకు వెళ్లాలా?
5. టెస్టుకు ఎంత, మీ ఫీజు ఎంత? నా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?
6. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే ఎక్కడికి వెళ్లాలి?

నాలుగో ప్రశ్నకు సమాధానం 'డాక్టర్ దగ్గరకే' అని వస్తే, అప్పుడే డాక్టర్‌ను కూడా చూసి పెట్టుకోండి.

ఇక ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, మాట తడబడటం, అయోమయం, మెడ బిగుసుకుపోవడం, పసిపిల్లలు పాలు తాగకుండా మగతగా ఉండటం లాంటివి కనిపిస్తే ఏ టెస్టు కోసమూ ఆగొద్దు. వెంటనే 911కు ఫోన్ చేయండి. అక్కడి చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం, ఇన్సూరెన్స్ లేదన్న కారణంతో మిమ్మల్ని పరీక్షించకుండా పంపేయకూడదు.